చిర్రగోనె ఎవరి చేతిలోంచి జారింది?

బాల్యస్మృతుల వ్యాసాలు ఈమధ్య విరివిగా వస్తున్నాయి. చిర్రగోనె, గోలీలు, కచ్చకాయలు మాయమయ్యాయనీ, నేరమంతా టీవీదీ సెల్‌ఫోన్‌దీ అనీ వాటి సారాంశం. నాకిది అర్ధసత్యమనిపిస్తుంది. గద్వాల సీడ్ పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గ గిల్లి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి ఏళ్ల తరబడి ఎక్కువగా వాడుకున్నది ఆడపిల్లల వేళ్లనే. కచ్చకాయలు ఎగరేసి పట్టాల్సిన వేళ్లవి! వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి తట్టా పారా పట్టి వలసపోయిన పాలమూరు కూలీల పిల్లలకు వీధే మిగల్లేదు. ఇక వీధి ఆటెక్కడిది? పైగా ఆ పాత వీధి కూడా అందరిదీ కాదు. మాదిగవాడ పిల్లవాడు ఊరి నడుమ చావడి ముందు గోలీ ఆడగలిగాడా? నేను చదివిన ఏ ఒక్క వ్యాసంలోనూ ఆ ప్రశ్న కనబడలేదు.