జారుముడి

ఆగస్టు 15 ఉదయం బడి ఆవరణలో అందరి చూపూ ముఖ్య అతిథి మీద ఉంటే, డ్రిల్లు మాస్టారి చూపు మాత్రం స్తంభం కొసన వేలాడే చిన్న మూట మీదే ఉంటుంది. సర్పంచి గారు తాడు లాగుతారు. మూట విచ్చుకుని పూలరేకులు రాలితే చప్పట్లు సర్పంచి గారికి. విచ్చుకోకపోతే మాటపడేది మాస్టారు.

ఆ మూట కట్టడం ఒక విద్య. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. అనుభవమున్న పీఈటీ కడుతుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకోవాల్సిందే. ముందుగా కాషాయం ఏ వైపు ఉందో చూసుకోవాలి. జెండా తలకిందులుగా ఎగరడం పతాక నియమావళి ఒప్పుకోని తప్పు. కాషాయం వైపు పై తాడు, ఆకుపచ్చ వైపు కింది తాడు కట్టి, గుడ్డను పొడవునా మడిచి, మధ్యలో గుప్పెడు రేకులు పోసి, చివరి నుంచి తాళ్ల వైపు చుట్టుకుంటూ రావాలి. ఆ చుట్ట చుట్టూ కింది తాడుతోనే మెలిక వేసి బిగించాలి. వదులైతే మూట కొసకు చేరకముందే దారిలో విడిపోతుంది. ఎక్కువ బిగిస్తే పీటముడి పడి, ఎంత లాగినా రాదు.

పైగా అది వానల కాలం. నూలు తాడు తడిస్తే ఉబ్బి, ముడి బిగుసుకుంటుంది. నైలాన్ తాడు ఉబ్బదు గానీ నున్నగా జారిపోతుంది. తడి రేకులు గుడ్డకు అతుక్కుని రాలనే రాలవు. అందుకే తెలిసినవాళ్లు బంతి, గులాబి రేకులను విడదీసి కాసేపు ఆరబెడతారు.

ఈ రేకులకు ప్రభుత్వ అనుమతి కూడా ఉంది! జెండాలో ఏ వస్తువూ మూటగట్టకూడదని 2002 నాటి పతాక నియమావళి చెబుతుంది. వెంటనే ఒక మినహాయింపు ఇస్తుంది: స్వాతంత్ర్య, గణతంత్ర దినోత్సవాల్లాంటి రోజుల్లో జెండా విప్పే ముందు లోపల పూలరేకులు ఉంచుకోవచ్చు. ఆ నియమాలు రాసినవాళ్లూ చిన్నప్పుడు బడి మైదానంలో తలెత్తి ఎదురుచూసినవాళ్లే అయి ఉంటారు.

ఢిల్లీలో రెండు పండుగలకూ పద్ధతి వేరు. ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని జెండాను కింది నుంచి పైకి ఎగరేస్తారు. జనవరి 26న కర్తవ్యపథ్‌లో రాష్ట్రపతి అప్పటికే కొసన కట్టి ఉన్న జెండాను విప్పుతారు. మన ఊరి బడుల్లో మాత్రం సాధారణంగా రెండు రోజులూ మూట కొసనే ఉంటుంది.

ఈ జెండాతో తెలుగువాళ్లది దగ్గరి చుట్టరికం. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో పింగళి వెంకయ్య గాంధీజీకి ఒక నమూనా చూపించారు. అది ఎన్నో మార్పులు చెంది, రాట్నం చోట అశోక చక్రంతో 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదం పొందింది. గుడ్డ మాత్రం చాలాకాలం చేత్తో వడికి నేసినదే. కర్ణాటకలోని హుబ్బళ్లి, బెంగేరి ఖాదీ కేంద్రం జెండాలు దేశమంతా వెళతాయి. పతాక నియమావళికి 2021 డిసెంబరులో చేసిన సవరణతో యంత్రం మీద తయారైన జెండాలకూ, పాలిస్టర్‌కూ అనుమతి వచ్చింది. దాంతో ముడి వేసే చేతులకు లెక్క మారింది. ఖాదీ మడత పెట్టిన చోట నిలుస్తుంది. పాలిస్టర్ చుట్ట చుట్టగానే సడలిపోతుంది. మెలిక ఇంకొంచెం బిగించాలి, కానీ పీటముడి పడకూడదు.

ఇంత జాగ్రత్తపడ్డాక కూడా ఒక గండం మిగులుతుంది. స్తంభానికి తాళ్లు రెండు. ఒకటి లాగితే ముడి విడుతుంది, రెండోది లాగితే బిగుస్తుంది. ఏది లాగాలో మైకు ముందు నిలబడిన అతిథికి తెలియదు. రాకపోతే ఇంకా బలంగా లాగుతారు, అక్కడే పీటముడి ఖాయమవుతుంది. ఆరితేరిన మాస్టార్లు ఆ అవకాశమే ఇవ్వరు. లాగాల్సిన తాడును ముందే విడదీసి అతిథి చేతిలో పెట్టి, పక్కకు ఒంగి, "ఇదే సార్, గట్టిగా వద్దు, ఒక్క కుదుపు చాలు" అని చెవిలో చెప్పి వెనక్కి వస్తారు.