బహుచలరాశుల గణితము: పాఠమునకు, పరీక్షకు పొత్తు

నల్లగొండ పట్టణమునకు చేరువనున్న పానగల్లులో ఉదయసముద్రమను పెద్ద చెరువు కలదు. అది కందూరు చోడుల కాలమున వెలసినది. నిలుకడగ నున్న నీటి అంచు వెంట నడచువాడు ఎక్కుటయు లేదు, దిగుటయు లేదు. ఏలయన ఆ అంచున ప్రతి స్థానమును ఒకే ఎత్తున నుండును. నీరు ఒక మీటరు తగ్గినచో అంచు లోపలికి జరిగి మరియొక గీత యేర్పడును. శిఖములో నేల వాలు తక్కువగ నున్నచోట ఈ రెండు గీతల నడుమ ఎడము హెచ్చు. కట్ట ప్రక్కన వాలు నిటారుగ నుండుటచే ఎడము స్వల్పము. ఉన్నత పాఠశాల భూగోళ పాఠములలో వచ్చు సమోన్నత రేఖలు ఇవియే.

నేల ఎత్తు రెండు సంఖ్యలపై ఆధారపడియున్నది: ఒక స్థానము తూర్పునకెంత దూరము, ఉత్తరమునకెంత దూరము అనునవి. ఇట్లు రెండు గాని, అంతకు మించి గాని చలరాశులపై ఆధారపడు రాశుల మార్పులను లెక్కించు శాస్త్రమే బహుచలరాశుల కలనగణితము. గుట్టలు, వాగులు, చెరువులు నిండిన నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో ఈ శాస్త్రమునకు ఉదాహరణలు వెదకనక్కరలేదు. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధి విశ్వవిద్యాలయము, మహబూబ్‌నగరులో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయము ఏర్పడుటతో ఈ గణితమును బోధించు కళాశాలలకు సొంత గడ్డపైననే విశ్వవిద్యాలయములు కలిగినవి. అయినను ఈ విషయము చాలమంది విద్యార్థులకు సూత్రముల పట్టికగనే మిగిలిపోవు ప్రమాదమున్నది. ఆ దోషము పాఠములో నున్నదా, పరీక్షలో నున్నదా, ఇంటిపనిలో నున్నదా యని విచారించుట అవసరము.

పాఠ్యక్రమము

వార్షిక పరీక్షల కాలమున బి.ఎస్‌సి. మొదటి సంవత్సరమున అవకలన సమీకరణములు, ఘన జ్యామితి; మూడవ సంవత్సరమున ఏకఘాత బీజగణితము, సదిశా కలనగణితము ఉండెడివి. రెండేండ్ల సాధన పిదపనే విద్యార్థి బహుసమాకలనములను చేరెడివాడు. 2016–17లో సెమిస్టరు పద్ధతి వచ్చినది. 2019–20 పాఠ్యక్రమములో మొదటి సెమిస్టరు మొదటి యూనిట్‌లోనే రెండు చలరాశుల ప్రమేయములు, వాని అవధి, అవిచ్ఛిన్నత, పాక్షిక అవకలజములు, ఆయిలర్ సిద్ధాంతము చేర్చబడినవి. రెండవ యూనిట్‌లో గరిష్ఠ కనిష్ఠములు, లగ్రాంజ్ పద్ధతి వచ్చినవి. శాంతినారాయణ్, మిట్టల్ గార్ల గ్రంథము ఆధారగ్రంథముగ నిర్ణయింపబడినది.

ఈ మార్పును మెచ్చుకొనవలసినదే. వాయువు పీడనము దాని ఉష్ణోగ్రతపైనను, ఘనపరిమాణముపైనను ఏకకాలమున ఆధారపడును గనుక భౌతికశాస్త్ర విద్యార్థికి పాక్షిక అవకలజములు తొలి యేటనే కావలెను. అయితే ఇంటర్మీడియట్ నుండి వచ్చు విద్యార్థికి తెలిసినది ఒక చలరాశి గణితము మాత్రమే. అచ్చట ఒక బిందువును సమీపించుటకు ఎడమ, కుడి యను రెండే దిక్కులు గలవు. సమతలముపై ఒక బిందువును చేరుటకు లెక్కలేనన్ని దారులు గలవు. ఈ ఒక్క భేదమే బహుచలరాశుల గణితమునకు ప్రాణము. దీనికి పాఠ్యక్రమములో ప్రత్యేకముగ తావు లేదు. అధ్యాపకుడే తావు కల్పింపవలెను.

ఒక దారి చాలదు

చలరాశులను య, ర అనుకొనుడు. (య × ర) ÷ (య² + ర²) అను ప్రమేయమును మూలబిందువు వద్ద పరిశీలింపవలెను. ర = య అను రేఖ వెంట వచ్చినచో దాని విలువ ఎల్లప్పుడును 1/2. ర = 2య అను రేఖ వెంట వచ్చినచో 2/5. రెండు దారులు రెండు విలువల నిచ్చుచున్నవి గనుక అవధి లేదు. ఈ ఉదాహరణము ప్రతి పాఠ్యగ్రంథములోను ఉండును. విద్యార్థి దీనిని సులభముగ కంఠస్థము చేయును.

ఇక (య² × ర) ÷ (య⁴ + ర²) అను ప్రమేయమును తీసికొనుడు. మూలబిందువును ఏ సరళరేఖ వెంట చేరినను దీని విలువ సున్నను సమీపించును. అన్ని రేఖలను పరీక్షించితినని తృప్తిపడువాడు అవధి సున్న యని వ్రాయును. కాని ర = య² అను పరావలయము వెంట వచ్చినచో విలువ 1/2! సరళరేఖలన్నియు కలిసి చెప్పినను చాలలేదు.

ఇట్టి పొరపాటు విద్యార్థులకే పరిమితము గాదు. మూలబిందువు గుండా పోవు ప్రతి రేఖ వెంటను కనిష్ఠమున్నచో ఆ ప్రమేయమునకే అచ్చట కనిష్ఠమున్నదని పందొమ్మిదవ శతాబ్దపు పాఠ్యగ్రంథములు కొన్ని తలచినవి. ఇటలీ గణితజ్ఞుడు పియానో 1884లో (ర − య²) × (ర − 2య²) అను ప్రమేయమును చూపి ఆ తలంపు తప్పని తేల్చెను. ఏ రేఖ వెంట చూచినను మూలబిందువు వద్ద దీనికి కనిష్ఠమున్నది. కాని ర = 1½య² అను వక్రము వెంట దీని విలువ −య⁴/4 అగును; అనగా సున్న కంటె తక్కువ.

పరీక్షయు ఒక దారియే

సెమిస్టరు పద్ధతిలో సాధారణముగ 20 మార్కులు లోపలి మదింపునకు, 80 మార్కులు చివరి పరీక్షకు కేటాయించుట జరిగినది. చివరి పరీక్షలో ప్రతి యూనిట్ నుండి రెండేసి దీర్ఘ ప్రశ్నలిచ్చి ఒకదానికి సమాధానము వ్రాయుమనుట అలవాటు. అవధి, అవిచ్ఛిన్నతలను వదలి ఆయిలర్ సిద్ధాంతమును మాత్రము చదివినవాడు మొదటి యూనిట్ దీర్ఘ ప్రశ్నను దాటవచ్చును. లగ్రాంజ్ పద్ధతిని వదలినవాడు రెండవ యూనిట్‌ను దాటవచ్చును. ఇట్టి విద్యార్థి ఉత్తీర్ణుడగును. వానికి విషయము తెలిసినదా లేదా యను ప్రశ్నకు మాత్రము సమాధానము దొరకదు. ఒకే రేఖ వెంట వచ్చి అవధిని నిర్ణయించినట్లే, ఒకే మూడు గంటల పరీక్షతో విద్యార్థిని నిర్ణయించుట జరుగుచున్నది.

అట్లని చివరి పరీక్షను తగ్గించి, మార్కులను లోపలి మదింపునకు తరలించినంత మాత్రమున మేలు కలుగదు. చివరి పరీక్షకు ఒక గొప్ప గుణము కలదు: దేవరకొండలో చదివినవానికిని, అచ్చంపేటలో చదివినవానికిని వారి వారి విశ్వవిద్యాలయ పరిధిలో ఒకే కొలత వర్తించును, ముఖము చూచి మార్కు వేయుటకు తావుండదు. లోపలి మదింపులో ఆ రక్షణ లేదు. పైగా అందరికిని ఒకే లెక్క నిచ్చినచో ఒకరు చేసినదానిని తక్కినవారు ఎత్తివ్రాయుదురు. అప్పుడు ఇరువది మార్కులు దస్తూరికి ఇచ్చిన మార్కులగును.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఈ కష్టము క్రొత్తది గాదు. తెలంగాణలో 2014–15లో తొమ్మిది, పది తరగతులకు నిర్మాణాత్మక మూల్యాంకనమునకు 20, సంగ్రహణాత్మక పరీక్షకు 80 మార్కుల పద్ధతి వచ్చినది. ఆ 20 మార్కులను పిల్లల భాగస్వామ్యము, రాత అంశములు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అను నాలుగు అంశములకు పంచిరి. ఆలోచన మంచిది: నాలుగు దారుల నుండి చూచుట. కాని బజారులో అమ్ముడగు ప్రాజెక్టును చూచి వ్రాసినప్పుడు ఆ నాలుగు దారులును ఒకటే యగును. దారుల సంఖ్యతో బాటు వాని భేదము కూడ ముఖ్యము.

ఇంటిపని ఎట్లుండవలెను?

ఎత్తివ్రాతను మందలింపుతో మాన్పుట కష్టము. లెక్కతో మాన్పుట సులభము. ఒక ఉదాహరణము: య² + (క × య × ర) + ర² అను ప్రమేయమునకు మూలబిందువు వద్ద గరిష్ఠమా, కనిష్ఠమా? క అనగా ఆ విద్యార్థి హాల్‌టికెట్ సంఖ్యలోని చివరి అంకె. రెండవ అవకలజములతో చేయు పరీక్షలో నిర్ణాయక సంఖ్య 4 − క² అగును. చివరి అంకె 0, 1 అయినవారికి కనిష్ఠము వచ్చును. 3 నుండి 9 వరకు గలవారికి గరిష్ఠమును గాదు, కనిష్ఠమును గాదు. ఒకవైపు ఎక్కుడు, మరొకవైపు దిగుడు గల కొండ కనుమ వంటి స్థానము వచ్చును. 2 అయినవానికి నిర్ణాయక సంఖ్య సున్న యగుటచే ఆ పరీక్ష ఏమియు చెప్పదు. అతడు ప్రమేయమును (య + ర)² అని గుర్తించి, ఒక రేఖ పొడవునను విలువ సున్నయే యని, అది పొడవైన లోయ వంటిదని తానుగ తెలిసికొనవలెను. ఒకే లెక్క తరగతి మొత్తమునకు సరిపోవును. మరునాడు నల్లబల్లపై పది జవాబులను ప్రక్కప్రక్కన వ్రాసినచో పాఠము దానంతట అదియే పూర్తియగును.

దిద్దుటకు తీరిక యేది యను ప్రశ్న సహేతుకమైనది. తరగతిలో 60 మంది యున్నారనుకొనుడు. ఒక్కొక్క పుటకు మూడు నిమిషముల చొప్పున వారమునకు మూడు గంటలు పట్టును. అంత తీరిక లేనిచో అధ్యాపకుడు వారమునకు 15 పుటలను మాత్రము వంతుల వారీగ శ్రద్ధగ దిద్దవచ్చును; ముప్పాతిక గంట చాలును. మిగిలిన 45 మంది నల్లబల్లపై నున్న మాదిరి జవాబును చూచి ఒకరి పుటను మరొకరు దిద్దుదురు. పదునైదు వారముల సెమిస్టరులో ప్రతి విద్యార్థి పుటయు మూడు నాలుగు మారులు గురువు చేతికి వచ్చును. ఏ వారము ఎవరి వంతు వచ్చునో ముందుగ చెప్పకున్నచో అందరును శ్రద్ధ వహింతురు. దిద్దిన పుట మరుసటి వారమునకు ముందే విద్యార్థికి తిరిగి చేరవలెను. సెమిస్టరు చివర ఒక్కమారుగ ఇచ్చు అసైన్‌మెంటు మార్కును చూపగలదు గాని తప్పును దిద్దజాలదు.

ప్రశ్నపత్రము ఎట్లుండవలెను?

చివరి పరీక్షలో ఎంపికకు లోబడని ప్రశ్న ఒక్కటైన నుండవలెను. అది సూత్రమును ఒప్పజెప్పించునది గాక, సూత్రము ఎచ్చట చెల్లును, ఎచ్చట చెల్లదు అని అడుగునదై యుండవలెను. పైన చెప్పిన పరావలయపు దారి అట్టి ప్రశ్న. మరియొక ప్రశ్నను చెరువు నుండియే తీయవచ్చును.

ఒక చెరువులో అడుగు మట్టమున నీటి విస్తీర్ణము 2 హెక్టారులు, ఒక మీటరు ఎత్తున 6, రెండు మీటర్ల ఎత్తున 12, మూడు మీటర్ల ఎత్తున అనగా అలుగు మట్టమున 20 హెక్టారులు అనుకొనుడు. ప్రతి మీటరు పొరకును పై, క్రింది విస్తీర్ణముల సగటును తీసినచో పొరల ఘనపరిమాణములు 4, 9, 16 హెక్టారు-మీటరులు, మొత్తము 29. అనగా 2,90,000 ఘనమీటరులు. ద్విసమాకలనమునకు ఇది చేతి లెక్క. ఇంతటితో ఆగక విద్యార్థిని ఇట్లడుగవలెను: అలుగు మట్టము నుండి నీరు పది సెంటీమీటర్లు తగ్గినచో ఎంత నీరు పోయినట్లు? ఘనపరిమాణపు అవకలజము విస్తీర్ణమే యని తెలిసినవాడు 20ని 0.1తో గుణించి సుమారు రెండు హెక్టారు-మీటరులని చెప్పును. చెరువు సామర్థ్యములో సగమునకు పైగా పై మీటరులోనే యున్నదనియు అతడు గ్రహించును.

లగ్రాంజ్ పద్ధతికిని ఇట్టి ప్రశ్న కలదు. గుట్ట ప్రక్కగా పోవు బాట మీద అన్నిటికంటె ఎత్తైన చోటు ఏది? బాట సమోన్నత రేఖను ఖండించి దాటుచున్నంత వరకు నడచువాడు ఎక్కుచునో దిగుచునో యుండును. ఎక్కుడు ముగిసి దిగుడు మొదలగుచోట బాట ఆ రేఖను స్పర్శించును. గుణకముతో కూడిన సమీకరణము చెప్పునది ఈ స్పర్శనే. సమోన్నత రేఖల పటమునిచ్చి ఆ చోటును గుర్తింపుమన్నచో, సమీకరణమును వల్లెవేసినవాడెవడో, గ్రహించినవాడెవడో ఐదు నిమిషములలో తేలును.

ఇందులో ఏదియు మార్కుల నిష్పత్తి మారువరకు వేచియుండవలసిన పని గాదు. ప్రశ్నపత్రము విశ్వవిద్యాలయము చేతిలో నున్నను, వారపు పుట అధ్యాపకుని చేతిలోనే యున్నది. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు కూడ దీనికి పునాది వేయగలడు. ఊరి చెరువు నీరు తగ్గుచున్న కాలమున నెలకొకమారు నీటి అంచును పిల్లలచే కొలిపించి పటము గీయించినచో, అది ఎవరును ఎత్తివ్రాయలేని ప్రాజెక్టు అగును. ఏ ఊరి చెరువు అంచు ఆ ఊరిదే.