ఎర్రబడ్డ ప్లేటు

వాల్వు యాంప్లిఫయర్‌లో కనిపించాల్సిన వెలుగు ఒకటే, ఫిలమెంటుది. గాజుబుడ్డి లోపల దేవుడి ముందు వత్తిలా నారింజ రంగులో మినుకుతుంటుంది. పోయిన వానాకాలం ఒక రాత్రి, నేను కట్టుకున్న గిటార్ యాంప్‌లో ఇంకో వెలుగు కనబడింది. రెండు 6వి6 వాల్వుల్లో కుడివైపుదాని ప్లేటు మీద, రూపాయి బిళ్లంత మేర ఎరుపు మెల్లగా పాకుతోంది. అప్పటికి గిటార్ తగిలించనైనా లేదు.

ఇది బయాస్ జబ్బు. కెథోడ్ నుంచి ప్లేటుకి ఎలక్ట్రాన్లు పారుతుంటాయి. మధ్యనుండే గ్రిడ్ పంటకాలువ తూముకున్న తలుపులాంటిది. గిటార్ సిగ్నల్ దాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంది. ఎవరూ ఏమీ వాయించనప్పుడు తలుపు ఎంత తెరిచి ఉండాలి? దాన్ని తేల్చేదే బయాస్. నా యాంప్ పవర్ సెక్షన్ 1960ల ఫెండర్ డీలక్స్ రివర్బ్‌ని చూసి కట్టింది. ప్లేటు మీద 400 వోల్టులు, గ్రిడ్ మీద మైనస్ 35. తలుపు మరీ మూస్తే మెల్లగా మీటిన స్వరం కూడా గరగరలాడుతుంది. మరీ తెరిస్తే ప్లేటు కాలుతుంది.

చూసి కట్టడంలో నామోషీ ఏమీ లేదు. లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో పుట్టిన జెటిఎం 45 కూడా ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ని పక్కన పెట్టుకుని కట్టిందే. ఈ విద్య అలాగే చేతులు మారుతూ వచ్చింది.

ఎరుపు చూడగానే ఎవరైనా బయాస్‌ని సర్దే పాట్ తిప్పుతారు. నేనూ తిప్పాను. కుడి వాల్వు చల్లబడింది, ఎడమది నీరసించింది. రెండింటికీ పాట్ ఒక్కటే కదా! జ్వరం ఒకరికి, మాత్ర ఇద్దరికీ.

అప్పుడు పాట్‌ని పాత చోటికే తిప్పి బుద్ధిగా కూర్చున్నాను. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఫిల్టర్ కండెన్సర్లు ఖాళీ అయ్యాయో లేదో మీటరుతో చూసుకున్నాను. ప్లగ్ పీకాక కూడా అవి వందల వోల్టులు దాచుకుని కూర్చుంటాయి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలన్నది పాత మెకానిక్కుల నియమం. లుంగీకి జేబెక్కడిది, వీపు వెనక్కి పెట్టుకుంటాను.

ముందు వాల్వులు రెండూ అటుదిటు మార్చాను. ఎరుపు వాల్వుతో పాటు వెళ్లలేదు, కుడి సాకెట్ దగ్గరే ఉండిపోయింది. అంటే తప్పు వాల్వుది కాదు. తర్వాత రెండూ పీకేసి, సాకెట్లలో ఐదో పిన్ను, అంటే గ్రిడ్ దగ్గర కొలిచాను. ఎడమ మైనస్ 35. కుడి మైనస్ 21. వాల్వు లేనప్పుడు సరిగ్గా ఉండి, పెట్టి వేడెక్కాక వోల్టేజీ పైకి పాకితే వాల్వునే అనుమానించాలి. వాల్వు లేకుండానే తప్పుగా ఉందంటే ఆ పద్నాలుగు వోల్టులు ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టే.

గ్రిడ్‌కి ఒకవైపు 220 కిలో ఓమ్‌ల రెసిస్టరుంది, దాని గుండా బయాస్ వస్తుంది. ఇంకోవైపు కప్లింగ్ కండెన్సరు. దాని అవతలి కొస ముందు వాల్వు ప్లేటుకుంది, అక్కడ 230 వోల్టుల దాకా ఉంటాయి. సిగ్నల్‌ని పోనిచ్చి ఈ డీసీని ఆపడమే కండెన్సర్ పని. లెక్క వేస్తే 64 మైక్రో యాంపులు కారుతున్నాయి. చీమ మూత్రమంత, అయినా తలుపు తెరవడానికి అదే చాలు. కండెన్సర్ ఒక కొసకి టంకం విప్పి మళ్లీ కొలిచాను. కుడి గ్రిడ్ మైనస్ 35.

అన్ని ఎరుపులకూ కారణం ఇదే కాదు. బయాస్ సప్లయ్‌లో కండెన్సర్ ప్లస్ కొస గ్రౌండుకి పోవాలి, అలవాటు కొద్దీ తిరగేసి పెట్టేవాళ్లు చాలామంది. పాట్‌లో జారే కాంటాక్టు ఒక్క క్షణం తప్పినా బయాస్ మాయం కావచ్చు. కాంటాక్టు వదిలితే గ్రిడ్ ఇంకా నెగెటివ్‌లోకి పోయేలా వైరింగ్ చేసుకోవడం మేలు. మొదటిసారి కట్టేవాళ్లకైతే ఈ తలనొప్పే వద్దంటాను. పాత ఫెండర్ చాంప్‌లా ఒకే 6వి6 పెట్టి, కెథోడ్ కింద 470 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే చాలు. కరెంటు పెరిగితే కెథోడ్ వోల్టేజీ పెరిగి, తలుపు తనంతట తానే కొంత మూసుకుంటుంది.

కొత్త కండెన్సర్ వేశాక ఒక్కో కెథోడ్ కిందా ఉన్న ఒక ఓమ్ రెసిస్టర్ మీద కొలిచాను. అక్కడ ఒక మిల్లీవోల్టు అంటే ఒక మిల్లీయాంపు. పాత డేటాషీట్ ప్రకారం 6వి6 ప్లేటు మోయగలిగేది 12 వాట్లు. అందులో డెబ్బై శాతం దగ్గర ఆగడం వాడుక. శాసనం కాదు, చెవి ఒప్పుకుంటే ఇంకా తగ్గించొచ్చు. 400 వోల్టులకి ఆ లెక్క 21 మిల్లీయాంపులు. ఎడమ 21, కుడి 22 వచ్చాయి. లైటు ఆర్పి పావుగంట చూశాను. వత్తులు తప్ప ఎరుపు లేదు.

పీకేసిన కండెన్సరుని మీటరు ఓమ్‌ల రేంజిలో పెట్టి చూశాను. మీటరు దానికి అందించేది కొద్ది వోల్టులే. అందుకే కాబోలు, ఏ దోషమూ లేదనే చూపించింది.