బొంత అంచులో అలలు ఎందుకు లేస్తాయి?

యాసంగి వడ్లు మిల్లుకు చేరాక మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పల్లెల్లో ఆడవాళ్ల చేతులకు కాస్త తీరిక దొరుకుతుంది. వానాకాలం నాట్లు మొదలయ్యేదాకా ఉండే ఆ కొద్దిరోజులే బొంతలు కుట్టే కాలం. మంచి ఎండ ఉంటుంది కాబట్టి పాత చీరలు ఉతికి ఆరేసుకోవచ్చు, వేపచెట్టు నీడన బారుగా పరుచుకుని కూర్చోవచ్చు. 1967 ఆగస్టు 4న నాగార్జున సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత ఎడమ కాలువ కింద ఉన్న ఈ ప్రాంతంలో వరి పెరిగింది, ఆడవాళ్ల ఏడాదంతా నాట్లు, కలుపుల చుట్టూ తిరగడం మొదలైంది. బొంత పనికి వేసవే మిగిలింది.

పాతగుడ్డల పనేగా అని బొంతను తేలిగ్గా తీసేసేవాళ్లు చాలామంది. రంగుకు రంగు జతచేయడం ఎవరైనా చేస్తారు. నేను మాత్రం ముందు అంచు చూస్తాను. నేల మీద పరిచినప్పుడు నాలుగు వైపులా నేలకు అంటుకుని ఉందా, లేక అక్కడక్కడ లేచి పడుతోందా? కుట్టిన మనిషి గుడ్డను ఎంత అర్థం చేసుకుందో అక్కడే తెలిసిపోతుంది.

ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు వస్తుంది. పన్నా సుమారు 45 అంగుళాలు. రెండు చీరలు ఇలా మడిచి ఒకదానిమీద ఒకటి పరిస్తే ఆరు పొరలు, ఒక మనిషి కప్పుకునే బొంత తయారు. ఇలా కుట్టిన బొంతకు అంచు అలలు దాదాపు రావు. పొడవునా ఉన్నది చీర నేసినప్పటి గట్టి అంచే, అడ్డంగా ఉన్నది మడత. కత్తెర ఎక్కడా పడలేదు. చిక్కంతా అందం కోసం చుట్టూ వేరే రంగు పట్టీ వేసినప్పుడు వస్తుంది.

గుడ్డ పడుగు వెంట చాలా తక్కువ సాగుతుంది. పేక వెంట కాస్త ఎక్కువ. ఓరగా, అంటే టైలర్లు క్రాస్ అనే వైపు లాగితే అన్నిటికంటే ఎక్కువ సాగుతుంది. పట్టీని క్రాస్‌లో కత్తిరించి కుడుతూ పోతే చేతికి తెలియకుండానే అంగుళమో రెండంగుళాలో పెరుగుతుంది. ఆరడుగుల బొంతకు ఆరడుగుల రెండంగుళాల పట్టీ పడితే ఆ మిగిలిన రెండంగుళాలు పోవడానికి చోటు లేక పైకి లేస్తాయి, కాల్చిన అప్పడం అంచులాగా. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. పట్టీ పొట్టిదైతే అంచు చదునుగానే ఉంటుంది కానీ నడుమ ఉబ్బుతుంది. కాబట్టి బొంత ఎక్కడ లేస్తోందో చూస్తే ఏది పొడవైందో తెలుస్తుంది.

అందుకే పట్టీ కొలతను అంచు పక్కన పెట్టి తీసుకోకూడదు. పట్టుకుని, లాగి, మడిచి అంచు అప్పటికే సాగి ఉంటుంది. నూలుతాడును బొంత నడుమన ఒకసారి, అటు ఇటు మరో రెండు చోట్ల పరిచి చూసి, మూడింటి సగటును పట్టీ పొడవుగా తీసుకోవాలి. ఎదురెదురు పట్టీలు రెండూ ఒకే కొలతలో కత్తిరించాలి. తర్వాత పట్టీని సగానికి, మళ్లీ సగానికి మడిచి గుర్తులు పెట్టుకోవాలి. బొంత అంచునూ అలాగే నాలుగు భాగాలు చేసి, గుర్తుకు గుర్తు కలిపి టాకాలు వేయాలి. ఒక భాగంలో గుడ్డ కాస్త ఎక్కువున్నా అది ఆ భాగంలోనే సర్దుకుంటుంది, చివరిదాకా తోసుకుంటూ పోదు. కొస నుంచి కుట్టుకుంటూ వెళ్లి మిగిలింది కత్తిరించేయడం చాలామందికి అలవాటు. అలలు ఎక్కువగా పుట్టేది ఆ అలవాటు వల్లనే.

పట్టీకి ముందు గంజి పెట్టి ఇస్త్రీ చేయడం మంచి పద్ధతి. గంజి పట్టిన గుడ్డ కుట్టేటప్పుడు సాగదు. వడ్ల మిల్లుల ఊళ్లలో గంజికి కొరత ఏముంది! మిషన్ మీద కుట్టేవాళ్లు ఇంకొకటి గమనించాలి. మిషన్ కిందున్న పళ్లు కింది గుడ్డను ఎక్కువగా లోపలికి లాక్కుంటాయి. అందువల్ల పట్టీ, బొంత రెండింటిలో ఏది కాస్త పొడవుగా ఉందో దాన్ని కిందికి పెట్టి కుడితే ఆ ఎక్కువ ఇమిడిపోతుంది.

కొలత సరిపోయినా ఒక్కోసారి అలలు వస్తాయి. దానికి కారణం కుట్ల ఎడం. ప్రతి కుట్టు వరసా గుడ్డను కొంచెం దగ్గరికి లాగుతుంది. నడుమంతా రెండు వేళ్ల ఎడంతో నింపి, అంచును ఉత్తిగా వదిలేస్తే నడుమ ముడుచుకుంటుంది, అంచు వెడల్పుగా మిగిలి లేస్తుంది. అంచులోనూ అదే ఎడంతో వరసలు నడపాలి.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా ఎల్లాపూర్, హళియాళ ప్రాంతాల సిద్దీ స్త్రీలు ఈ సమస్యను మొదట్లోనే తప్పిస్తారు. ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి వాళ్లు. కవండి అనే తమ బొంతను అంచు నుంచి మొదలుపెట్టి, చుట్లు చుట్లుగా నడుమకు కుట్టుకుంటూ వస్తారు. అంచు ముందే స్థిరపడిపోతుంది. మిగులు గుడ్డ ఏమైనా ఉంటే నడుమకు జరుగుతుంది, అక్కడ ముక్కల మడతల్లో కలిసిపోతుంది. చివరికి మూలల్లో ఫూల అనే మడత ముక్కలు పెడతారు. అది లేని కవండిని వాళ్లు పూర్తయిందనరు. ఈ చుట్ల పద్ధతి మన బొంతకూ బాగా పనికొస్తుందని నా నమ్మకం.

ఇప్పటికే అలలు తేలిన బొంతను పారేయనక్కర్లేదు. ముందు అంచులో కుట్లు పలచగా ఉన్నాయేమో చూసి, మరో రెండు మూడు వరసలు వేయాలి. చాలాసార్లు అదే చాలు. అరంగుళం తేడా అయితే తడిపి, చదునుగా పరిచి, అంచును అరచేత్తో నడుమ వైపు తట్టి ఆరబెట్టాలి. అంతకంటే ఎక్కువైతే అంచు వెంట గట్టి దారంతో కుట్టు నడిపి, మెల్లగా లాగి, ముడతలు కనబడకుండా చేత్తో పరుచుకుంటూ పైనుంచి మళ్లీ కుట్టాలి. రెండంగుళాలు దాటితే పట్టీ విప్పి కొలుచుకోవడమే దారి. కొందరు ఎక్కువున్న గుడ్డను మూలల్లో కుచ్చుగా దాచేస్తుంటారు. అది నాకు నచ్చదు. కప్పుకున్నప్పుడు ఒంటికి గుచ్చుకుంటుంది, ఉతికినప్పుడు ముందుగా చిరిగేదీ అక్కడే.

తడి బొంత చాలా బరువు. దండెం మీద వేలాడేస్తే ఆ బరువుకే అంచు సాగుతుంది. నులకమంచం మీద పరచడం మేలు.

ఈ రోజుల్లో ఇంట్లో పాతబడేవి ఎక్కువగా పాలిస్టర్ చీరలే. అవి ఉతికినా ముడుచుకోవు, నూలు ముడుచుకుంటుంది. రెండూ కలిస్తే ఎంత బాగా కొలిచినా అంచు తప్పుతుంది. పాలిస్టర్‌ను లోపలి పొరల్లోనే ఉంచి, పైనా కిందా అంచుకూ బాగా ఉతికిన పంచెలో లుంగీలో వాడుకోవాలి. పసిబిడ్డ బొంతకైతే ఆ సర్దుబాటు కూడా వద్దు. లోపలా బయటా మెత్తబడిన నూలే వేయాలి. వేరే పట్టీ ఏమీ పెట్టకుండా పై చీరనే రెండు వేళ్ల మేర కిందికి మడిచి కుట్టేస్తే సరి.