మగా ఆడా ఉంటే జంట అయిపోదు

అక్వేరియంలో పైప్‌ఫిష్‌ పెంచేవారు చాలామంది ఒక మగచేపను, ఒక ఆడచేపను తెచ్చి ట్యాంక్‌లో వేసి, ఇక పిల్లల కోసం ఎదురుచూస్తారు. పిల్లలు రాకపోయినా, వచ్చినవి బతకకపోయినా నెపం మేత మీదికో నీళ్ల మీదికో పోతుంది. మేతా నీళ్లూ ముఖ్యమే, కాదనను. అయితే అసలు లోపం చాలాసార్లు అంతకు ముందే, జత కుదిర్చిన రోజునే జరిగి ఉంటుందని నా వాదన. సముద్రపు గుర్రాల్లాగే ఈ చేపల్లోనూ కడుపు మోసేది మగది. మోసే భారం దానిదైనప్పుడు ఎవరి గుడ్లు మోయాలన్న ఎంపికలో దానికీ వాటా ఉంటుంది. ఆ ఎంపికను లెక్కలోకి తీసుకోని పెంపకం సగం పెంపకమే.

ముందుగా ఆడామగా పోల్చుకోవడం రావాలి. గప్పీలు, ఫైటర్లు పెంచి అలవాటైన కన్ను మెరిసేదాన్ని చూడగానే మగది అనుకుంటుంది. మెక్సికో గల్ఫ్ తీరపు సముద్రగడ్డిలో బతికే గల్ఫ్ పైప్‌ఫిష్‌ దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. మెరిసేది ఆడది. దాని పొట్ట అడుగు లోతుగా, కోసుగా దిగి ఉంటుంది, పక్కల మీద వెండిరంగు చారలు తళుక్కుమంటాయి. మగదానికి ఆ చారలుండవు. దాన్ని గుర్తుపట్టాలంటే తోక అడుగున చూడాలి. అక్కడ రెండు చర్మపు మడతలు ఎదురెదురుగా వచ్చి కలుసుకుని సంచి అవుతాయి. గుడ్లు ఉండేది అందులోనే. అన్ని జాతులకూ ఇదే గుర్తు పనికిరాదు. ఒంటినిండా పట్టీలుండే డంకెరోకాంపస్ పైప్‌ఫిష్‌లో మగచేప గుడ్లను తోక కింద కాక పొట్ట కిందే, పైకి కనబడేలా అంటించుకుని తిరుగుతుంది. గుడ్లు లేని రోజుల్లో దాన్ని పోల్చుకోవడం కష్టం.

ఇక మగదాని ఎంపిక సంగతి. స్వీడన్ తీరపు పైప్‌ఫిష్‌ జాతి సింగ్నాథస్ టైఫ్లే మీద ఆండర్స్ బెర్గ్‌లండ్, గునిల్లా రోసెన్‌క్విస్ట్ చేసిన పరిశోధనల్లో మగచేపలు పెద్ద ఆడచేపల వైపే మొగ్గు చూపాయి. 2010లో కింబర్లీ పాక్జోల్ట్, ఆడమ్ జోన్స్ గల్ఫ్ పైప్‌ఫిష్‌ మీద నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. పెద్ద ఆడచేపతో జతకట్టిన మగదాని సంచిలో ఎక్కువ పిండాలు బతికాయి. పైగా ఒక కాన్పులో ఎక్కువ పిల్లల్ని బతికించిన మగచేపకు తర్వాతి కాన్పులో ఆ మేరకు తగ్గాయి. అంటే సంచి గుడ్లు దాచుకునే చోటు మాత్రమే కాదు, ఏ గుడ్లకు ఎంత పెట్టాలో తేల్చే చోటు కూడా.

ట్యాంక్‌లో వేరే ఆడచేప లేనప్పుడు మగది ఉన్నదాన్నే ఒప్పుకుంటుంది కదా, ఈడూ జోడూ చూడటం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఒప్పుకుంటుంది, నిజమే. కానీ ఒప్పుకోవడం వేరు, పూర్తిగా మోయడం వేరు. ఎంపికకని ఎక్కువ చేపల్ని వేస్తే కొట్లాడుకోవా అన్నది మరో ప్రశ్న. నీలిచార పైప్‌ఫిష్‌ మగచేపల్ని రెంటిని ఒకే చిన్న ట్యాంక్‌లో వేస్తే ఆ ముప్పు తప్పదు. అందుకే ఒక మగచేపకు ఒకటికి రెండు ఆడచేపల్ని, అవీ దానికన్నా చిన్నవి కాకుండా చూసి చూపించాలి. ఏది దేనితో కలిసి ఈదుతోందో గమనించి మిగిలినదాన్ని వేరుచేయాలి. గల్ఫ్ జాతిలో తేలిన లెక్క ప్రతి జాతికీ అచ్చంగా వర్తిస్తుందని నేననను. అయినా జాతి ఏదైనా మోసేది మగదే కాబట్టి, దాని ఇష్టాన్ని చూసి నడుచుకోవడంలో నష్టం లేదు. పిల్లల మేతే అసలు గండం అనేవారి మాట కూడా కొట్టివేయదగ్గది కాదు. చాలా జాతుల పిల్లలకు రోటిఫర్లు, కోపెపాడ్ పిల్లల వంటి సజీవ ఆహారం ముందే సిద్ధం చేసుకోవాలి. అయితే ఆ శ్రమంతా ఫలించాలంటే మొదట బలమైన పిల్లలు పుట్టాలి.

మన దేశంలో ఈ చేపల్ని ఇంట్లో పెంచడానికి చట్టం అడ్డు. సముద్రపు గుర్రాలు, పైప్‌ఫిష్‌లు ఉన్న సింగ్నాథిడే కుటుంబాన్నంతా 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. ఆ రక్షణ అవసరమే. అనుమతి ఉన్న దేశాల్లో వీటిని పెంచే మన తెలుగువారికి నేను చెప్పేది ఒక్కటే. సముద్రం నుంచి పట్టి తెచ్చిన చేపను కాకుండా ట్యాంక్‌లో పుట్టినదాన్నే కొనండి. కొనేముందు పొట్టా తోకా తిప్పి చూడండి, జత కుదిర్చే తొందర మానండి. సరైన జంట దొరికి పిల్లలు ఇంట్లోనే బతికితే, సముద్రంలో ఉన్నవాటిని పట్టాల్సిన అవసరం ఆ మేరకు తగ్గుతుంది.