మాతువు ఆమెది, ధాతువు ఎవరిది?

ధనుర్మాసంలో ఒక సాయంత్రం కోవిల్‌పట్టిలో, పూర్వపు స్త్రీలు రచించిన పాటలే పాడతారని తెలిసి కచేరీకి వెళ్ళాము. వచ్చినవారిలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో అరవం చదివినవారే ఎక్కువ.

మొదట ఆండాళ్. శ్రీవిల్లిపుత్తూరు ఈ సీమలోనిదే గనుక సభ అంతా గొంతు కలిపింది. ఆముక్తమాల్యద ద్వారా గోదాదేవిని ఎరిగిన మాకూ ఉత్సాహం కలిగింది. తిరుప్పావై మొదటి పాశురం నాటలో, రెండవది గౌళలో చక్కగా సాగాయి. అయితే ఈ రాగాలు కూర్చినది అరియక్కుడి రామానుజయ్యంగారు (1890–1967) అని ఎవరూ చెప్పలేదు. వెయ్యేళ్ళ నాటిదనుకొని మేము విన్నదానిలో మాతువే పాతది, ధాతువు నిన్నమొన్నటిది. ఇది దోషం కాదు, దాచడం దోషం.

తరిగొండ వెంగమాంబ (1730–1817) కీర్తనల దగ్గర అసలు చిక్కు వచ్చింది. గాయని చేతి పుస్తకం అరవ లిపిలో ఉంది. ఆ లిపిలో క, గలకు అక్షరం ఒక్కటే. త, దలకూ అంతే. 'గతి' కాస్తా 'కతి' అయింది, 'దయ' 'తయ' అయింది. మా పక్కనున్న అవ్వ, తెలుగు అక్షరం ఒక్కటీ రానిది, ప్రతిసారీ నోటిలోనే దిద్దుకుంటూ కూర్చుంది!

ఇక వరుసలు. ఈ ఊరికి దగ్గరలోనే ఎట్టయాపురం. ముత్తుస్వామి దీక్షితులు 1835లో అక్కడే కన్నుమూశారు. సుబ్బరామ దీక్షితులు అక్కడినుంచే 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలో, గమక చిహ్నాలతో సహా అచ్చు వేయించారు. జమీందారు ఆదరణ, అచ్చుకూటం, ఇంటి విద్య మూడూ కలిసివచ్చాయి. వెంగమాంబకు అటువంటి మనుమడు లేడు. తిరుమల ఏకాంతసేవలో ఆమె పేర నిత్యం జరిగే ముత్యాల హారతి ఆమె పాటను నిలిపింది; కాని గుడి ఆచారం నిలిపినది వేరు, స్వరలిపి నిలిపేది వేరు. ఈ తేడా చెప్పకుండా 'ప్రాచీన సంగీతం' అని ప్రకటించడం మాకు నచ్చలేదు.

ముద్దుపళని ఊసే లేదు. తంజావూరు కొలువులోని ఆమె తిరుప్పావైని తెలుగు చేసిందని చెబుతారు. అంతకన్న తగిన కూర్పు ఈ సభకు ఏముంటుంది? 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రచురిస్తే మరుసటి ఏడాదే నిషేధించారు; 1947 దాకా ఎత్తివేయలేదు. ఆ జంకు ఇంకా పోలేదేమో.

కచేరీ అయ్యాక గాయనిని కలిశాము. అరవ సంగీత పుస్తకాలలో క, గలను వేరుచేయడానికి అక్షరం పక్కన అంకెలు వేస్తారు కదా, ఆమె పుస్తకంలో అవీ లేవు. కలం తీసి ఒక్క కీర్తనకు వేసి ఇచ్చాము. ఆమె అక్కడే నిలబడి పల్లవి మళ్ళీ పాడింది. అవ్వ ఈసారి దిద్దలేదు.