వక్త, శ్రోత, కాలం: ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ కథనరీతి

గోడలు ఎగబాకుతూ, అగాధాలు దాటుతూ సాగే ‘ప్లాట్‌ఫాం’ తరహా వీడియో క్రీడలలో కథ ఒక నెపం మాత్రమేనని చాలామంది అభిప్రాయం. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ పరంపర ఆ అభిప్రాయాన్ని ఒకసారి అద్భుతంగా ఖండించింది. మరుసటి సంవత్సరమే తాను సాధించినదాన్ని జారవిడుచుకున్నది.

1989లో జోర్డాన్ మెక్నర్ రూపొందించిన తొలి క్రీడలో ఇతివృత్తం స్వల్పం. మంత్రి జాఫర్ చెరలో రాకుమారి, నేలమాళిగలో పేరులేని యువకుడు, 60 నిమిషాల గడువు. మెక్నర్ తన తమ్ముని పరుగును, దూకుడును చిత్రీకరించి ఆ కదలికలనే నాయకునికిచ్చాడు. మాటలు దాదాపు లేని ఆ క్రీడలో మరపురాని ఘట్టం ఒకటున్నది. నాయకుడు అద్దంలోనుంచి దూకినపుడు అతని నీడ విడివడుతుంది. తరువాత ఎదురుపడిన ఆ నీడను కత్తితో కొడితే గాయం తనకే. కత్తిని ఒరలో పెట్టినపుడే ఇద్దరూ ఒక్కటవుతారు.

2003లో యూబీసాఫ్ట్ సంస్థ వెలువరించిన ‘శాండ్స్ ఆఫ్ టైమ్’కు కథారచన కూడా మెక్నర్‌దే. భారతదేశంలోని ఒక మహారాజు కోటను పారశీక సైన్యం ముట్టడించడంతో కథ మొదలవుతుంది. తండ్రి మెప్పుకై ఆరాటపడే యువరాజు, కాలాన్ని వెనుకకు మళ్లించగల బాకును చేజిక్కించుకుంటాడు. మహారాజుకు ద్రోహం చేసిన మంత్రి మాటలు నమ్మి, కాలసైకతాన్ని విడుదల చేసి ప్రళయం తెచ్చిపెడతాడు. ఆపై అతనికి తోడు నిలిచినది మహారాజు కుమార్తె ఫరా. (ఆ మహారాజుకు రచయిత పేరైనా పెట్టలేదు. భారతదేశం ఇక్కడ కేవలం ఐశ్వర్యానికి చిరునామా.)

ఇదంతా యువరాజే భూతకాలంలో చెబుతుంటాడు. ఆడేవారి చేయి తప్పి అతడు మరణిస్తే, అలా జరగలేదని తానే సవరించుకుంటాడు. ఆటగాని అపజయం కథకుని తడబాటుగా మారిపోతుంది! విక్రమార్కుని భుజాన బేతాళుడు చెప్పిన కథలు, షహ్రజాద్ రాత్రులు విన్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. కథ ఎవరికో చెప్పబడాలి. ఆ శ్రోత ఎవరో చివరనే తెలుస్తుంది. కాలం వెనుకకు మళ్లింది కనుక, జరిగినదేదీ జ్ఞాపకం లేని ఫరాయే ఆ శ్రోత. ఆమె నమ్మకం పొందడానికి అతని వద్ద కథ తప్ప సాక్ష్యం లేదు. మొదట అహంకారిగా కనిపించినవాడు చివరికి ఆమె ఎదుట నమ్రుడై నిలుస్తాడు.

2004 నాటి ‘వారియర్ వితిన్’లో విధిని తప్పించుకున్న యువరాజును దహాకా అనే కాలరక్షకుడు వెంటాడుతాడు. భావన గంభీరమైనదే. కాని నెత్తురు, కర్కశ సంగీతం, స్త్రీ పాత్రల అరకొర దుస్తులు దానిని కప్పివేశాయి. ఆ కళాదృష్టి తనకు రుచించలేదని మెక్నర్ బహిరంగంగానే చెప్పాడు. హింసకన్న పెద్ద లోపం వేరొకటున్నదని నా అభిప్రాయం. ఫరా లేదు, ఆమెతోపాటు శ్రోతా పోయింది. వినేవారు లేని యువరాజుకు కోపమొక్కటే భాషయింది.

2005లో ‘టూ థ్రోన్స్’ కొంత దిద్దుబాటు చేసింది. బాబిలోనులో యువరాజు అంతరంగంలోని చీకటి రూపం అతనితో వాదిస్తుంటుంది. చివరకు ఫరా పిలుపు విని, దానితో పోరు మాని వెనుదిరగడమే విజయం. 1989 నాటి నీడ మళ్లీ గుర్తుకు వస్తుంది. ముగింపులో అతడు ఫరాకు తన కథ మొదటినుంచి చెప్పనారంభిస్తాడు.

2024లో వచ్చిన ‘ది లాస్ట్ క్రౌన్’లో నాయకుడు యువరాజు కాడు, సర్గోన్ అనే యోధుడు. అపహరణకు గురైనవాడే యువరాజు. ఖాఫ్ పర్వతం, సీముర్గ్ పక్షి పారశీక పురాగాథల నుంచి తరలివచ్చాయి. సంభాషణలను ఫార్సీలోనే వినే వీలూ కలిగింది. పర్షియా పేరు ధరించిన పరంపరకు ఆ భాష దక్కడానికి 35 సంవత్సరాలు పట్టింది.